కొండ పిగిలి, పొద పిగిలి: ఒకే ప్రజాతి పక్షులు, రెడ్ లిస్ట్‌లో ఒకదానికే ముప్పు ఎందుకు?

అమ్మా, నువ్వు అడిగింది ఇదీ. ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్ పొదల్లో తెల్ల కనుబొమ్మ ఉన్న పిగిలిపిట్టను చూశావు. హార్స్‌లీ కొండకు వెళ్లినప్పుడు గెస్ట్‌హౌస్ వెనక బండల దగ్గర పసుపు గొంతు ఉన్న ఇంకో పిగిలిని చూశావు. రెండూ ఒకే ప్రజాతి, దాదాపు ఒకే సైజు, రెండూ పళ్లూ పురుగులూ తినేవే. మరి ఏ జీవికి ఎంత ముప్పు ఉందో చెప్పే ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో మొదటిది 'లీస్ట్ కన్సర్న్' (పెద్దగా ముప్పు లేనిది), రెండోది 'వల్నరబుల్' (అంతరించే ముప్పున్నది) ఎలా అయ్యాయి? పైగా హార్స్‌లీ కొండ మీద ఆ రెండోదే వెతక్కుండానే కనిపించింది కదా, అది అరుదైన పక్షి ఎలా అవుతుంది? డిగ్రీ ప్రాజెక్టులో రెండింటి వర్గీకరణ, సంరక్షణ స్థితి పోల్చి రాయాలి, ఎలా రాయమంటారు అని.

నీ చివరి అనుమానమే ఇందులో అసలు విషయం. దాని మీదే ఎక్కువ రాస్తాను. వర్గీకరణ సంగతి ముందు తేల్చేద్దాం, అది పెద్ద కష్టం కాదు.

రెండూ పక్షుల విభాగం, పాసరిఫార్మిస్ క్రమం, పిక్నోనోటిడే కుటుంబం, పిక్నోనోటస్ ప్రజాతి. పట్టిక వేస్తే ఇక్కడిదాకా రెండు వరుసలూ ఒకేలా ఉంటాయి. విడిపోయేది జాతి దగ్గరే. క్యాంపస్‌లో చూసింది పిక్నోనోటస్ ల్యూటియోలస్, ఇంగ్లీషులో వైట్ బ్రౌడ్ బుల్బుల్. దాన్ని ఇక్కడ పొద పిగిలి అంటాను. కొండ మీద చూసింది పిక్నోనోటస్ జాంథోలీమస్, యెల్లో త్రోటెడ్ బుల్బుల్. దీన్ని కొండ పిగిలి అంటాను.

పేర్ల పక్కన శాస్త్రవేత్త పేరు, సంవత్సరం రాసేటప్పుడు చాలామంది పిల్లలు బ్రాకెట్లు వదిలేస్తారు. నువ్వు వదలొద్దు. పొద పిగిలిని 1841లో లెసన్ వర్ణించాడు, అప్పుడు దాన్ని హేమటోర్నిస్ అనే ప్రజాతిలో పెట్టాడు. కొండ పిగిలిని 1845లో జెర్డన్ వర్ణించాడు, ఆయన బ్రాకిపస్ అనే ప్రజాతిలో పెట్టాడు. తర్వాత రెండూ పిక్నోనోటస్‌లోకి వచ్చాయి. జాతిని మొదట పెట్టిన ప్రజాతి నుంచి వేరే ప్రజాతిలోకి మారిస్తే, మొదట వర్ణించినవాడి పేరును, సంవత్సరాన్ని బ్రాకెట్లలో రాయాలన్నది జంతునామకరణంలో నియమం. కాబట్టి లెసన్ 1841, జెర్డన్ 1845 రెండూ బ్రాకెట్లలోనే ఉండాలి. వైవాలో దీని మీద ప్రశ్న రావచ్చు. జెర్డన్ అంటే మనకు పరాయి పేరు కూడా కాదు. నెల్లూరులో డాక్టరుగా పనిచేసినాయనే. కడప లంకమల అడవిలో 1986లో మళ్లీ దొరికిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే.

ఉపజాతుల దగ్గర ఒక తేడా ఉంది, అది రాయి. పొద పిగిలికి రెండు ఉపజాతులు: ఒకటి మన ద్వీపకల్ప భారతానిది, రెండోది శ్రీలంకది. కొండ పిగిలికి ఉపజాతులు లేవు. దక్షిణ భారతం తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఆ పక్షి లేదు.

వర్గీకరణలో ఇంకొక్క మాట. గొంతు పసుపు కాబట్టి కొండ పిగిలికి, పడమటి కనుమల్లోని ఫ్లేమ్ త్రోటెడ్ బుల్బుల్‌కి దగ్గరి చుట్టరికం ఉంటుందని ఎక్కడో చదివి రాసేస్తారు. రంగును బట్టి చుట్టరికం చెప్పకూడదు. డీఎన్ఏ పరిశోధనలు వచ్చాక పిక్నోనోటస్ అనే పెద్ద ప్రజాతిని కోసి చిన్న ప్రజాతులు చేశారు. ఆ పడమటి కనుమల పక్షి ఇప్పుడు రూబిగులా ప్రజాతిలో ఉంది. కొండ పిగిలి మాత్రం పిక్నోనోటస్‌లోనే మిగిలింది. కాబట్టి పాత పుస్తకం ఒక్కటే చూసి పట్టిక రాయొద్దు.

గుర్తుపట్టడం గురించి నువ్వు అడగలేదు. కానీ గుర్తింపు తప్పితే ఆ తర్వాత రాసేదంతా తప్పే కాబట్టి చెప్తాను. రెండూ సుమారు 20 సెంటీమీటర్ల పక్షులు. రెండింటికీ తోక కింద పసుపే. మధ్యాహ్నం ఎండలో, పొద లోపల కదిలే పక్షిని ఒక్క క్షణం చూస్తే ఎవరైనా తికమక పడతారు. పొద పిగిలి పైభాగం మాసిన ఆలివ్ ఆకుపచ్చ. కంటి మీద తెల్లటి కనుబొమ్మ, కంటి కింద ఇంకో తెల్లటి వంపు, ఆ రెండింటి మధ్య కంటి గుండా నల్లని గీత. ముఖంలో ఈ గీతలు ఉంటే ఇక సందేహం లేదు. కొండ పిగిలి ముఖంలో ఏ గీతలూ ఉండవు. తలంతా పసుపు కలిసిన ఆకుపచ్చ, గొంతు శుభ్రమైన నిమ్మపండు పసుపు, ఆ పసుపు రొమ్ము దగ్గర ఆగిపోయి కింద బూడిద రంగు మొదలవుతుంది. ఎగిరేటప్పుడు తోక చూడు: ఈకల చివర్లు లేత పసుపుగా ఉంటాయి. వెనక నుంచి మాత్రమే కనిపించిన పక్షిని నేను తోక చివర చూసే ఖాయం చేసుకుంటాను.

మన పెరళ్లలో తిరిగే మామూలు పిగిలిపిట్ట, నల్ల తలా, జుట్టూ, తోక కింద ఎర్రటి మచ్చ ఉన్నది, ఈ రెండింటితో కలిసే ప్రమాదం లేదు. అయోరా మాత్రం కలుస్తుంది. అదీ పసుపు గొంతు పక్షే, మన చిట్టడవుల్లో బాగా ఉంటుంది. కానీ పిగిలి కంటే బాగా చిన్నది, రెక్క మీద తెల్ల పట్టీలు ఉంటాయి, పైగా అది వేరే కుటుంబం.

ఇక అసలు విషయానికి వద్దాం.

రెడ్ లిస్ట్‌లో ఒక పక్షిని ఏ గడిలో పెట్టాలన్నది దాని వంశాన్ని చూసి నిర్ణయించేది కాదు. అక్కాచెల్లెళ్ల లాంటి రెండు జాతులు ఒకటి ఆ చివర, ఒకటి ఈ చివర ఉండొచ్చు. పక్షుల విషయంలో ఆ అంచనా వేసేది బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ, దాన్ని ఐయూసీఎన్ ప్రచురిస్తుంది. వాళ్లు చూసేవి ముఖ్యంగా ఇవి: సంఖ్య ఎంత వేగంగా తగ్గుతోంది, ఎంత విస్తీర్ణంలో ఉంది, మొత్తం ఎన్ని మిగిలాయి, అవి ముక్కలు ముక్కలుగా విడిపోయాయా. పది సంవత్సరాల్లో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువైతే ఆ కాలంలో, 30 శాతం తగ్గితే వల్నరబుల్. విస్తీర్ణం 20,000 చదరపు కిలోమీటర్ల లోపు ఉండి, ముక్కలైపోయి తగ్గుతూ ఉంటే వల్నరబుల్. ఇవేవీ కాకపోయినా, పిల్లలను పెట్టే వయసొచ్చిన పక్షులు 10,000 లోపు ఉండి, ఇంకా తగ్గుతూ, ఏ ఒక్క గుంపులోనూ 1,000కి మించి లేకపోతే, అప్పుడూ వల్నరబులే.

కొండ పిగిలి ఈ మూడో దారిలో జాబితాలోకి వచ్చింది. దాని సంఖ్య అంచనా 2,500 నుంచి 9,999 వరకు, వయసొచ్చిన పక్షులు. ఈ రెండు అంకెలను జాగ్రత్తగా చూడు. 10,000 దాటితే వల్నరబుల్ గడిలోంచి బయటపడుతుంది, 2,500 కంటే తగ్గితే ఎండేంజర్డ్ (ఇంకా ఎక్కువ ముప్పున్నది) గడిలోకి దిగే అవకాశం ఉంది. అంటే అది ఒక్కో పక్షినీ లెక్కబెట్టి చెప్పిన సంఖ్య కాదు, ఆ పక్షి ఏ మెట్టు మీద ఉందో చెప్పే అంచనా. ప్రాజెక్టులో '9,999 పక్షులు ఉన్నాయి' అని రాసేవు, అలా రాయకు. 'ఈ రెండింటి మధ్య ఉంటాయని అంచనా' అని రాయి.

పొద పిగిలి విషయంలో మొత్తం సంఖ్య ఇంత అని లెక్క కట్టనే లేదు. కట్టాల్సిన అవసరమూ పడలేదు. గుజరాత్, ఒడిశా వైపుల నుంచి కన్యాకుమారి దాకా, అటు శ్రీలంకలో కూడా ఉంది. పెద్ద విస్తీర్ణం, పెద్దగా తగ్గుతున్న జాడ లేదు. ఆ రెండు మాటలే దాన్ని లీస్ట్ కన్సర్న్ గడిలో ఉంచడానికి చాలు.

మరి ఒకే సైజు, ఒకే తిండి ఉన్న ఈ రెండింటికీ ఇంత తేడా ఎక్కడ వచ్చింది? కాపురం ఉండే చోటులో వచ్చింది. పొద పిగిలికి పొద ఉంటే చాలు. అది ముళ్లకంప కావచ్చు, క్యాంపస్‌లో కత్తిరించిన కంచె కావచ్చు, మామిడి తోట గట్టు మీది లాంటానా కావచ్చు. తిరుపతి ఎంత పెరిగినా, ఖాళీ ప్లాటులో రెండేళ్లు ఎవరూ ఇల్లు కట్టకపోతే అక్కడ పెరిగే కంపలో అది వచ్చి చేరుతుంది. మనిషి పాడుచేసిన నేల దానికి పనికొస్తుంది.

కొండ పిగిలి అలా కాదు. దానికి కొండ వాలు కావాలి, ఆ వాలు మీద పెద్ద పెద్ద గుండ్లు కావాలి, ఆ గుండ్ల మధ్య పొదలూ, పళ్ల చెట్లూ కావాలి. ఈ మూడూ కలిసిన చోటే ఉంటుంది. మన వైపు శేషాచలం కొండలు, హార్స్‌లీ కొండ అలాంటి చోట్లు. అటు కర్ణాటకలో నందికొండ, రామనగర, హంపి గుట్టలు, తమిళనాడులో చెంజి కొండలు, కేరళలో చిన్నార్. మ్యాపులో ఈ చుక్కలన్నీ కలిపి గీత గీస్తే చాలా పెద్ద ప్రాంతమే వస్తుంది. కానీ ఆ గీత లోపల పక్షి ఉన్నది ఆ గుట్టల మీద మాత్రమే. ఒక కొండ దిగితే మళ్లీ ఇంకో కొండ వచ్చేదాకా టమాటా మడులు, మామిడి తోటలు, రోడ్లు, ఊళ్లు. ఆ పల్లంలో దానికి పని లేదు. అలా ఒక్కో గుట్ట మీది గుంపు ఒక్కో చిన్న సంసారంగా మిగిలిపోతుంది. ఏదైనా ఒక గుట్ట మీద అవి పోతే, పక్క గుట్ట నుంచి వచ్చి నింపే అవకాశం తక్కువ.

హార్స్‌లీ కొండ మీద అది నీకు సులువుగా కనిపించడానికి కారణం కూడా ఇదే. మనవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అనే ఆ కొండ సుమారు 1,265 మీటర్ల ఎత్తు. బండలు, పొదలు, పళ్ల చెట్లు, మనుషుల అలికిడికి అలవాటుపడిన పక్షులు, అన్నీ ఒకే చోట ఉన్నాయి. అక్కడ ఉదయం టీ తాగుతూ నాలుగు పిగిళ్లను చూసినవాళ్లు 'ఇది అరుదైన పక్షా? ఇక్కడ పిచ్చుకల్లా తిరుగుతున్నాయే' అంటారు. నాకు ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఒక చోట ఎక్కువ కనిపించడం వేరు, మొత్తం మీద ఎక్కువ ఉండడం వేరు. అవి ఉన్న చోట బాగానే ఉంటాయి. ఉండే చోట్లే తక్కువ. నీ ప్రాజెక్టులో ఈ ఒక్క తేడాను స్పష్టంగా రాయగలిగితే, పట్టికలన్నింటికంటే అదే విలువైనది.

ముప్పు గురించి రాసేటప్పుడు 'అడవుల నరికివేత' అని ఒక్క మాటతో దాటేయకు. ఈ పక్షి విషయంలో అది సరిపోదు. దాని ఇల్లు బండ. చిత్తూరు వైపు, ముఖ్యంగా కుప్పం, పలమనేరు దారిలో గ్రానైట్ క్వారీలు ఎలా ఉన్నాయో నీకు తెలియనిది కాదు. చెట్టు నరికితే మళ్లీ చిగురిస్తుంది, పొద కాలితే వానలకు మళ్లీ లేస్తుంది. గుట్టనే కోసి లారీకెత్తితే అక్కడ మిగిలేది నీళ్లు నిలిచే గొయ్యి. ఆ గోతి చుట్టూ పొద పిగిలి మళ్లీ వస్తుందేమో గానీ కొండ పిగిలి రాదు. క్వారీ ఒక్కటే కాదు: వంటచెరుకు కోసం పొదలు కొట్టడం, మేకలూ పశువులూ విపరీతంగా మేయడం, కొండల మీద రిసార్టులూ రోడ్లూ కూడా ఉన్నాయి.

ఎండాకాలం మంటల సంగతి మన జిల్లాలో ప్రత్యేకంగా రాయాలి. శేషాచలంలో మార్చి నుంచి మే దాకా బోదగడ్డి ఎండిపోయి ఉంటుంది. ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు, ఇక గాలి చూసుకుంటుంది. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు ఎంత పెద్దవయ్యాయో అప్పుడు టీవీల్లో అందరం చూశాం. పెద్ద చెట్లు చాలావరకు తట్టుకుంటాయి. కాలిపోయేది కిందనున్న పొద, అంటే సరిగ్గా ఈ పక్షికి కావలసిన భాగం.

అయితే శేషాచలంలో దానికి ఒక అండ ఉంది, అదీ రాయి. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989 నుంచి ఉంది, సుమారు 353 చదరపు కిలోమీటర్లు. దాన్ని కలుపుకుని 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ ప్రకటించారు, అది 4,700 చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఇక్కడ క్వారీ భయం తక్కువ. నా అభిప్రాయంలో కొండ పిగిలికి అసలు ప్రమాదం ఈ ఉద్యానాల లోపల కాదు, బయట ఉన్న పేరులేని గుట్టల మీద. ఊరి పక్కన ఉండి, రికార్డుల్లో పోరంబోకు అని ఉండి, పైన ఒక చిన్న గుడి, చుట్టూ గుండ్లు ఉండే గుట్టలు మనకు బోలెడు. వాటిలో ఎన్నింటి మీద ఈ పక్షి ఉందో ఎవరూ సరిగ్గా చూడలేదు. లీజు ఇచ్చేటప్పుడు అక్కడ పక్షి ఉందని చెప్పేవాళ్లే ఉండరు.

నీ ప్రాజెక్టుకు నేనిచ్చే సలహా ఇక్కడే ఉంది. ఇంటర్నెట్ నుంచి రెండు పట్టికలు దించి పోల్చడం ఎవరైనా చేస్తారు. నువ్వు మీ ఊరి చుట్టూ ఉన్న రెండు మూడు గుట్టలు, వాటి కింద పల్లంలో రెండు మూడు పొదల ప్రాంతాలు ఎంచుకో. ఒకే సమయానికి, సూర్యోదయం నుంచి మొదటి రెండు గంటల్లో, ఒకే దూరం నడువు. ఎక్కడ ఏ పిగిలి ఎన్ని కనిపించాయో రాసుకో. కనిపించని చోటు కూడా రాయాలి, అది ఇంకా ముఖ్యం. పక్కన గుండ్లు ఉన్నాయా, పొద ఎంత ఎత్తు, పశువులు మేస్తున్నాయా, దగ్గర్లో క్వారీ ఉందా, ఇవి నోట్ చెయ్యి. పొద పిగిలి అన్ని చోట్లా పడి, కొండ పిగిలి గుండ్లున్న వాలుల మీదే పడితే, రెడ్ లిస్ట్‌లో ఒకటి వల్నరబుల్, ఇంకోటి లీస్ట్ కన్సర్న్ ఎందుకో నీ నోట్‌బుక్కే చెప్తుంది. గుట్టల మీద నువ్వు ఊహించనట్టు ఫలితం వస్తే అలాగే రాయి, మార్చొద్దు.

చట్టం సంగతి పొట్టిగా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇదివరకు బుల్బుల్ కుటుంబమంతా నాలుగో షెడ్యూల్‌లో ఉండేది. 2022 సవరణతో షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి, జాబితాలన్నీ మారాయి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత గైడ్లలో ఇంకా నాలుగో షెడ్యూల్ అనే ఉంటుంది, అది కాపీ కొట్టకు. గెజిట్‌లో కొత్త జాబితా తెరిచి నీ కళ్లతో చూసి రాయి. ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాను: రెడ్ లిస్ట్ గడికీ చట్టంలోని షెడ్యూల్‌కీ సంబంధం ఉందనుకుని కలిపి రాసేస్తారు. మొదటిది శాస్త్రీయ అంచనా, దానికి కోర్టులో బలం లేదు. రెండోది చట్టం. రెండు వేరు వేరు గళ్లలో రాయి. లీస్ట్ కన్సర్న్ అంటే పట్టుకోవచ్చు, పంజరంలో పెట్టుకోవచ్చు అని కాదు. ఈ రెండు పక్షుల్లో దేన్ని పట్టినా నేరమే.

చివరిగా ఫీల్డ్‌కు వెళ్లేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. శేషాచలంలో నడకదారి వదిలి లోపలికి అనుమతి లేకుండా వెళ్లకు. ఎర్రచందనం వల్ల అక్కడ నిఘా గట్టిగా ఉంటుంది, బైనాక్యులర్ పట్టుకుని పొదల్లో తిరిగే మనిషిని ఆపి అడగడం వాళ్ల డ్యూటీ. కాలేజీ లెటర్‌తో ఫారెస్ట్ ఆఫీసులో ముందుగా అడుగు, ఒంటరిగా వెళ్లకు. ఫోన్‌లో పక్షి కూత వినిపించి పిలవొద్దు. గూళ్లు పెట్టే కాలంలో అది వాటిని చాలా ఇబ్బంది పెడుతుంది. గూడు కనబడితే ఫోటో కోసం కొమ్మలు పక్కకు తొలగించొద్దు, కాకులకూ పాములకూ దారి చూపించినట్టవుతుంది. కూత మాత్రమే విని జాతి రాయొద్దు. పొద పిగిలి పొద లోపల నుంచి ఒక్కసారిగా గలగలా మోగుతుంది, అది వినగానే పేరు రాసేయాలనిపిస్తుంది. కానీ కొండ వాలు మీద రెండూ ఉండే చోట ఆ అలవాటు వద్దు. పక్షి ముఖం గానీ తోక చివర గానీ కనిపించేదాకా 'పిగిలి, జాతి తేలలేదు' అని రాసుకో.

ఫోటోలు తీస్తే పక్షితో పాటు అది కూర్చున్న చోటు కూడా వచ్చేలా ఒకటి వెడల్పుగా తియ్యి. దగ్గరి ఫోటోలో జాతి తెలుస్తుంది, వెడల్పు ఫోటోలో అది ఎందుకక్కడ ఉందో తెలుస్తుంది. రెండూ తేదీ, చోటు పేరు రాసి పంపు. సందేహం ఉన్నవి నేను చూసి చెప్తాను.